షెఫ్ సంబంధం వచ్చింది. హోటల్లో వండేవాళ్ళు ఇంట్లో కూడా ఇష్టంగా వండుతారా?

ఆవకాయ_జాడీ:

మా ఇంట్లో ఒక సంబంధం చూస్తున్నారు. అబ్బాయి విద్యానగర్‌లో ఐహెచ్ఎమ్ అనే హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో చదివి, హైదరాబాద్‌లోనే ఒక పెద్ద హోటల్లో ఇండియన్ సెక్షన్‌లో చేస్తున్నాడు. సంబంధం మంచిదా కాదా అని మీరు తేల్చక్కర్లేదు, అది మేం చూసుకుంటాం. నా గొడవ వేరు. ఈ మాట బయటికొచ్చిన దగ్గర్నుంచి చుట్టాలందరిదీ ఒకటే పాట, నీకేమే అదృష్టవంతురాలివి, వంటింటి గడప తొక్కే పనే ఉండదు, రోజూ స్టార్ హోటల్ భోజనమే అని. మా పిన్ని ఇంకో అడుగు ముందుకేసి సంక్రాంతి పిండివంటలన్నీ అల్లుడి చేతే చేయిద్దాం అంటోంది, ఇంకా పెళ్ళిచూపులు కూడా కాలేదు. మా మేనమామ ఒక్కడే, రోజంతా పొయ్యి దగ్గర చచ్చి వచ్చినవాడు ఇంటికొచ్చి మళ్ళీ గరిటె పట్టుకుంటాడా పిచ్చిమొహమా అన్నాడు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. సాయంత్రం అయ్యేసరికి ల్యాప్‌టాప్ మొహం చూడబుద్ధి కాదు. వంటవాళ్ళకీ అంతేనా, లేక వంట సంగతి వేరా? ఫోన్లో మాట్లాడినప్పుడు అబ్బాయినే అడిగేశాను, నవ్వి "చూద్దాంలెండి" అన్నాడు. అదేం సమాధానం? హోటళ్ళలో, క్యాటరింగుల్లో, మెస్సుల్లో పని చేసేవాళ్ళు గానీ వాళ్ళ ఇంట్లోవాళ్ళు గానీ ఉంటే చెప్పండి. మర్యాదకి కాదు, ఉన్నది ఉన్నట్టు.

బ్రేక్‌షిఫ్ట్:

నేనూ ఆ లైన్లోనే ఉన్నానండి. మొదట్లో తందూర్ దగ్గర, ఇప్పుడు కూరల దగ్గర. కాబట్టి ఆ అబ్బాయి తరఫున కొంచెం మాట్లాడతాను.

ముందు అసలు హోటల్లో మేం చేసేదేంటో తెలియాలి. ఒక కూరని మొదటి నుంచి చివరిదాకా ఒక్కడే వండడం పెద్ద హోటల్లో దాదాపు ఉండదు. పొద్దున ఒకడు ఉల్లిపాయలు సంచుల లెక్కన తరుగుతాడు, ఒకడు అల్లం వెల్లుల్లి రుబ్బుతాడు, ఇంకొకడు గ్రేవీలు దింపుతాడు. ఉల్లిపాయ టమాటా గ్రేవీ ఒకటి, వెన్న వేసిన మఖనీ ఒకటి, జీడిపప్పు వేసిన తెల్ల గ్రేవీ ఒకటి. రాత్రి ఆర్డర్ చీటీ రాగానే పాన్‌లో ఒక గరిటె గ్రేవీ, పనీరో చికెనో, మీద క్రీము, నలిపిన కసూరీ మేథీ (ఎండు మెంతాకు), ఐదారు నిమిషాల్లో ప్లేటు బయటికి. మళ్ళీ చీటీ. మళ్ళీ అదే. మీ మెనూ కార్డులో కనిపించే ఇరవై కూరలు లోపల మూడు గిన్నెల్లోంచి వస్తాయి. శనివారం రాత్రి వేసిన బటర్ చికెన్‌లకి లెక్క ఉండదు, అవన్నీ నేనే వండానా అంటే వండానో నింపానో నాకే తెలియదు. విసుగు దాని మీద వస్తుంది. వంట మీద కాదు, నా వరకు.

ఇంక టైము. మాకు బ్రేక్ షిఫ్ట్ అని ఒక దిక్కుమాలిన పద్ధతి ఉంది. పొద్దున పదింటికి వెళ్ళి మధ్యాహ్నం మూడింటిదాకా, మళ్ళీ సాయంత్రం ఆరు నుంచి పదకొండో పన్నెండో అయ్యేదాకా. మధ్యలో మూడు గంటలు ఖాళీ అని కాగితం మీద ఉంటుంది. ఇల్లు ఉప్పల్లో ఉండి హోటల్ గచ్చిబౌలిలో ఉన్నవాడు ఆ మూడు గంటల్లో ఇంటికెళ్ళి ఏం చేస్తాడు, ఎక్కడో లాకర్ రూములో కునుకు తీస్తాడు. రాత్రి ఇంటికి చేరాక వంటా గింటా ఏమీ ఉండదు. అన్నం, పెరుగు, ఊరగాయ. నా డ్యూటీ రోజుల్లో రాత్రి భోజనం ఎప్పుడూ ఇదే, పెళ్ళయ్యాక కూడా మారలేదు.

ఆఫ్ రోజు మాత్రం వండుతాను, ఇష్టంగానే వండుతాను, కాకపోతే మీ పిన్నిగారు ఊహించుకునేవి కాదు. దోసకాయ పప్పు, పాలు పోసిన ఆనపకాయ కూర, చిక్కుడుకాయ, చేమదుంపల పులుసు. గ్రేవీ అనే మాట వినబడని కూరలు. ఒక్క పొయ్యి మీద ఒక్క గిన్నె పెట్టి అది ఉడికేదాకా పక్కన నిలబడి, ఎవడూ "ఎంతసేపు, టేబుల్ వాళ్ళు అడుగుతున్నారు" అని అరవకుండా. ఇంట్లో పనీర్ బటర్ మసాలా చెయ్యమంటే మాత్రం దండం పెట్టేస్తాను, జొమాటోలో తెప్పించుకోండి, అది నాలాంటివాడే ఎవడో చేసి పంపిస్తాడు.

ఇంకో మాట, ఇంటి స్టవ్ మీద హోటల్ వంట రాదు కూడా. అక్కడ 19 కిలోల సిలిండర్లు వరసగా పెట్టి పైపు లాగుతారు, బర్నర్ తిప్పితే మంట పాన్ అంచు దాటి పైకి లేస్తుంది. ఇంటి బర్నర్ మీద నూడుల్స్ వేస్తే వేగవు, నీళ్ళొదిలి ఉడుకుతాయి. అది చూసి ఇంట్లోవాళ్ళు "ఇదేనా నువ్వు చేసేది" అంటారు.

షెఫ్‌గారి_ఆవిడ:

చెల్లీ, నేను ఆ ఒడ్డు నుంచి చెప్తాను.

మా ఆయన వండుతారు. బాగా వండుతారు. కానీ ఆయన వండిన రోజు నాకు పని తగ్గదు, పెరుగుతుంది. ఎందుకంటే హోటల్లో వాడిన గిన్నె పక్కకి తోసేస్తే దాన్ని తీసుకెళ్ళి తోమడానికి వేరే సెక్షనే ఉంటుందట. తరిగిన కొత్తిమీరకి ఒక గిన్నె, ఉల్లిపాయలకి ఒకటి, పచ్చిమిర్చికి ఒకటి, రుచి చూసిన ప్రతిసారీ కొత్త చెంచా. ఇద్దరికి టమాటా పప్పు చేస్తే సింకు నిండిపోతుంది. గట్టు మాత్రం అద్దంలా తుడుస్తారు, అది నిజం, తడిగుడ్డ భుజం మీంచి దిగదు. సింకు వైపు మాత్రం చూడరు. పెళ్ళైన కొత్తలో ముచ్చటేసింది, తర్వాత ఒప్పందం చేసుకున్నాం, వండినవాళ్ళే తోమాలి అని. ఆ ఒప్పందం అయ్యాక ఆయన వంటలన్నీ ఒకే మూకుడులో అయిపోవడం మొదలెట్టాయి. అంటే వచ్చన్నమాట, అవసరం పడాలంతే.

అసలు సంగతి ఇది కాదు. ఆయన ఇంట్లో వండుతారా లేదా అన్నది నీ జీవితంలో చాలా చిన్న విషయం. నువ్వు అడగాల్సింది వీక్లీ ఆఫ్ ఏ రోజు అని. మాకు మంగళవారం. నాకు శని ఆదివారాలు సెలవు. డిసెంబర్ 31 రాత్రి, ఉగాది, సంక్రాంతి, పెళ్ళిళ్ళ సీజన్, ఊళ్ళో అందరికీ సెలవున్న ప్రతి రోజూ వాళ్ళకి రష్షు. మా అబ్బాయి పుట్టినరోజు ఆదివారం పడితే మేం మంగళవారం చేస్తాం. కొత్త అల్లుడు పండక్కి రావాలి కదా, మా ఆయన మొదటి సంక్రాంతికి కనుమ మర్నాడు రాత్రి బస్సుకి దిగారు, మా అమ్మ అరిసెలు దాచిపెట్టింది. పిండివంటలు అల్లుడి చేత చేయిద్దామంటున్న మీ పిన్నిగారికి ఇది చదివి వినిపించు.

వాసన సంగతి కూడా చెప్పాలి. రాత్రి తలుపు తియ్యగానే ముందు మసాలా వస్తుంది, తర్వాత మనిషి వస్తాడు. స్నానం చేసినా జుట్టులోంచి పోదు. అలవాటైపోతుందిలే.

వలలుడు:

అజ్ఞాతవాసంలో భీముడు ఏడాది పాటు విరాటరాజు వంటశాలలో పని చేశాడు. నలభీమ పాకం అని ఇప్పటికీ పొగుడుతాం. అంతకుముందు పన్నెండేళ్ళు అడవిలో ఉన్నప్పుడు గరిటె ఎవరి చేతిలో ఉందో ఎవరూ అడగరు. మీ మేనమామ మాట నిజం 😄

కర్రీపాయింట్_అక్క:

పైన వాళ్ళు చెప్పింది బాగుంది, చదివి నవ్వుకున్నాను కూడా. కానీ అందరూ మగవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. నేను కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ నడుపుతాను, వంట నాదే, సహాయానికి ఇద్దరు ఆడవాళ్ళు ఉంటారు. ఇంట్లో వండడం ఇష్టమా అని ఇన్నేళ్ళలో నన్ను ఒక్కరూ అడగలేదు. షాపులో కస్టమర్‌కి నేను వంటమనిషిని, ఇంటికొస్తే అమ్మని, రెండు చోట్లా పొయ్యి ఒకటే.

తెల్లారకముందే లేవాలి, పదకొండున్నరకల్లా పప్పు, సాంబారు, రసం, రెండు వేపుళ్ళు, రెండు ఇగుర్లు, ఒక పచ్చడి, చికెన్, గుడ్డు పులుసు అన్నీ కవర్లలో కట్టడానికి సిద్ధంగా ఉండాలి. సాయంత్రం మళ్ళీ ఒక విడత. మిగిలింది ఇంటికి తెచ్చుకుంటే సరిపోతుంది కదా, రెండో వంటెందుకు అంటారు. సరిపోదు. పిల్లలు కవరు చూడగానే "మళ్ళీ షాపు కూరేనా" అని మొహం తిప్పేస్తారు. అదే కూర, అదే చెయ్యి, అదే నూనె. కవర్లో వచ్చింది కాబట్టి వద్దు, గిన్నెలో ఉంటే తింటారు. గిన్నెలో పోసి ఇచ్చి చూశాను, కనిపెట్టేశారు, ఎందుకంటే షాపులో కారం కొంచెం తగ్గించి అందరికీ నచ్చేటట్టు వేస్తాను, ఇంట్లో మా గుంటూరు పాళ్ళు వేస్తాను. అంచేత రాత్రి ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చి మళ్ళీ కుక్కర్ పెడతాను. ఇది ఇష్టమంటారా, అలవాటంటారా, మీ ఇష్టం.

హోటల్లో పని చేసే మగాడు ఆఫ్ రోజున పప్పు చేస్తే ఇల్లంతా పండగ. పనంతా చేసొచ్చిన ఆడది రాత్రి వండకపోతే పంచాయితీ. ఈ తేడా చెప్పకుండా వంటవాళ్ళకి ఇంట్లో వండడం ఇష్టమా అన్న ప్రశ్నకి జవాబు రాదమ్మా.

నాకు అన్నిటికంటే ఇష్టమైన వంట ఏదో చెప్పనా, మా తోటికోడలు ఇంటికెళ్ళినప్పుడు ఆవిడ పెట్టే ఉత్త ముద్దపప్పు, నెయ్యి. ఆవిడకి నాకు పెట్టాలంటే భయం, "నువ్వు వంద రకాలు చేసేదానివి, నా వంట నీకేం ఆనుతుంది" అని ముందే ఏదో ఒకటి అంటుంది. నాకు ఎవరు వండి పెట్టినా ఆనుతుంది. వంట చేసేవాళ్ళని భోజనానికి పిలవడానికి జనం ఎందుకు జంకుతారో, మేమే అందరికంటే తేలిగ్గా తృప్తి పడతాం.

బడిగంట:

కర్రీ పాయింట్ అక్క మాటకి ఇంకోటి కలుపుతాను. మా అమ్మ మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. చిన్న క్లాసుల పిల్లలకి తలకి 100 గ్రాముల బియ్యం, పెద్ద క్లాసులకి 150 గ్రాములు లెక్క, దానికి తగ్గ పప్పు, కూర, గుడ్డు. ఉడకబెట్టిన గుడ్లు గంపలకొద్దీ ఒలిచి ఒలిచి ఇంట్లో గుడ్డు వాసన తగిలితే ఆవిడ లేచి అవతలికి వెళ్ళిపోతుంది. మిగతా వంట మాత్రం మామూలుగా చేస్తుంది. ఇచ్చేది గౌరవ వేతనం అంటారు, అదీ నెలల తరబడి ఆలస్యం, కిరాణా కొట్టులో అప్పు మా అమ్మ పేరు మీద. ఇష్టం అయిష్టం అనేవి నాకు తెలిసి జీతం సరిగ్గా వచ్చేవాళ్ళ మాటలు.

గాడిపొయ్యి:

మా నాన్నది పెళ్ళి వంటలు. కోనసీమ. చిన్నప్పుడు నేనూ వెంట వెళ్ళేవాణ్ణి, నీళ్ళు మొయ్యడానికి, సిబ్బి పట్టుకోవడానికి. మీరు అడిగినదానికి మా ఇంట్లో జవాబు నెలని బట్టి ఉండేది.

ముహూర్తాలున్న రోజుల్లో ఆయన ఇంట్లో ఉండేదే తక్కువ. ముందురోజు మధ్యాహ్నం వెళ్ళి గాడిపొయ్యి తవ్వించి, గంగాళాలు, అండాలు దింపించి, కూరలు తరిగించి, రాత్రంతా బూరెలు, గారెల పిండి పని చూసుకుని, తెల్లారి టిఫిన్లు, మధ్యాహ్నం భోజనాలు. కిలో బియ్యం ఎనిమిది నుంచి పది మందికి అని లెక్క, కానీ ఆయన పెళ్ళివారి ఊరు పేరు విని లెక్క మార్చేసేవాడు, ఫలానా ఊరివాళ్ళు పనసపొట్టు కూర ఎక్కువ లాగుతారు, ఫలానావాళ్ళు పులిహోర ముట్టరు అని. అన్నం వార్చేటప్పుడు ఆ ఆవిరి మొహం మీద కొడుతుంది చూశారూ, దాని తర్వాత ఆకలి చచ్చిపోతుంది. అందరూ తిన్నాక వంటవాళ్ళ పంక్తి సాయంత్రం నాలుగింటికి, అప్పుడు కూడా మా నాన్న మజ్జిగన్నంలో మాగాయ ముక్క నంజుకునేవాడు. తను వండిన కూర ఆకులో వేయించుకోగా నేను చూడలేదు.

అలా వచ్చినవాడు ఇంట్లో పొయ్యి ముట్టుకోడు సరే, అరుగు మీద కూర్చుని మాత్రం వంటింటిని నడిపేవాడు. "పోపు మాడుతోంది", "చింతపండు ఇంకా పచ్చివాసన పోలేదు" అని వీధిలోంచే కేకలు. మా అమ్మ ఒకరోజు గరిటె తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

కానీ ఆషాఢం వచ్చిందా, మూఢం వచ్చిందా, పెళ్ళిళ్ళు ఉండవు. ఒక పది రోజులు పడుకుని లేచేవాడు. తర్వాత చేతులు ఊరుకోవు. పొద్దున్నే సంతకెళ్ళి వంకాయలు ఒక్కొక్కటీ తిప్పి చూసి తెచ్చి, గుత్తొంకాయ పెట్టేవాడు. పెళ్ళిలో గుత్తొంకాయ అంటే అన్నీ ఒకేసారి అండాలో పడేసి తెడ్డుతో తిప్పడమే, సగం పగిలిపోతాయి. ఇంట్లో ఆరు కాయలు, ఒక్కోటి తిరగేసుకుంటూ. ఆ రోజుల్లో మా అమ్మని వంటింట్లోకి రానిచ్చేవాడు కాదు. పాళ్ళు మాత్రం తగ్గేవి కావు, నలుగురికి చారు పెట్టమంటే వీధి వీధంతటికీ సరిపడేది, పక్కింటివాళ్ళకి ఆషాఢం అంటే చాలా ఇష్టం.

మా ఊరి పెద్దలు వంటల మాటొస్తే డొక్కా సీతమ్మ గారి పేరెత్తకుండా ఉండరు. లంకల గన్నవరంలో ఆవిడ ఏ వేళలో ఎవరొచ్చినా వండి వడ్డించేదని చెప్పుకుంటారు, 1909లో పోయారు, ఇప్పుడు ఆంధ్రాలో బడి భోజన పథకానికి ఆవిడ పేరే పెట్టారు. మా నాన్న ఆ కథ విన్నప్పుడల్లా ఒక మాటనేవాడు, "ఆవిడది సొంతిల్లు, వచ్చినవాడికి ఏం పెట్టాలో ఆవిడ ఇష్టం. నాకు మెనూ పెళ్ళికూతురి తండ్రి ఇస్తాడు." విసుక్కుంటూ అన్నాడో, బాధపడి అన్నాడో తెలియదు గానీ మీ ప్రశ్నకి అందులో చాలా ఉందనిపిస్తుంది.

మా చిన్నాన్న గుడిలో ప్రసాదాలు వండేవాడు, అది ఇంకో లోకం. స్వామికి నివేదన కానిదే రుచి చూడకూడదు. ఉప్పు పులుపు అన్నీ చేతి కొలతే. ఆయన ఇంట్లో కూడా రుచి చూడకుండానే వండేవాడు, ఎప్పుడూ తేడా రాలేదు.

కమ్మీ_నంబర్_లాస్ట్:

నేను అందరికీ అడ్డం చెప్తాను. బేగంపేట్‌లో కలినరీ అకాడమీలో చదివి ఈమధ్యే ఒక హోటల్లో కమ్మీగా చేరాను, అంటే వంటగదిలో అందరికంటే కిందివాణ్ణి. అక్కడ నాకు వండే ఛాన్సే రాదు. ఉల్లిపాయలు, అల్లం పొట్టు, రొయ్యలు ఒలవడం, ఫ్రిజ్‌లో డబ్బాలకి తేదీ స్టిక్కర్లు అంటించడం, సామాను స్టోర్ నుంచి మొయ్యడం. సాస్ కలపమన్న రోజు ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. కాబట్టి నేను నిజంగా వంట చేసేది రూములోనే. నలుగురం ఉంటాం, రోజూ రాత్రి ఎంత లేటైనా ఏదో ఒకటి ట్రై చేస్తాను, మా రూమ్మేట్లు మొన్న బలవంతంగా హాలండేజ్ సాస్‌తో (గుడ్డు సొన, వెన్నతో చేసే ఫ్రెంచ్ సాస్) ఇడ్లీ తిన్నారు. ఇంట్లో వండాలనే కోరిక ఎక్కువగా ఉండేది మాలాంటి కొత్తవాళ్ళకే. పైకెళ్ళేకొద్దీ తగ్గుతుందేమో, మా ఎగ్జిక్యూటివ్ షెఫ్ రోజంతా ఎక్సెల్ షీట్లలో ఫుడ్ కాస్ట్ చూసుకుంటాడు, ఆయన ఇంట్లో వండుతాడంటే నేను నమ్ముతాను, ఎందుకంటే హోటల్లో ఆయన కూడా వండట్లేదు.

ఆ అబ్బాయి ఏ మెట్టు మీద ఉన్నాడో కనుక్కోండి, మీకు లెక్క తెలిసిపోతుంది.

బ్రేక్‌షిఫ్ట్:

హాలండేజ్‌తో ఇడ్లీనా. తమ్ముడూ, నీ రూమ్మేట్ల అడ్రస్ ఇవ్వు, పెరుగన్నం పంపిస్తాను.

రుచిమొగ్గ:

ఆకలి చచ్చిపోతుంది, తను వండింది తినబుద్ధి కాదు అని అందరూ అంటున్నారు కదా, దాని మీద పరిశోధన ఉంది. 1981లో బార్బరా రోల్స్ బృందం చూపించింది, ఒక పదార్థం తింటూ పోతే ఆ పదార్థం మీద ఇష్టం తగ్గుతుంది, తినని వేరే పదార్థాల మీద అంతగా తగ్గదు. పెళ్ళి భోజనంలో కడుపు నిండాక కూడా స్వీటుకి చోటుండేది అందుకే. వాసనలకి ముక్కు అలవాటుపడిపోవడం కూడా మామూలు విషయమే. రోజంతా మసాలా రుచి చూసినవాడికి మసాలా వద్దు, పెరుగన్నం ముద్దు. వంట మీద ప్రేమ తగ్గిందని దానికి అర్థం కాదు.

ఇర్వింగ్_బావర్చీ:

అమెరికా నుంచి ఒకటి. టెక్సాస్‌లో ఇర్వింగ్ అంటే తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు, రోడ్డుకి నాలుగు తెలుగు రెస్టారెంట్లు. నేను ఒకదాంట్లో మెయిన్ కుక్‌ని. వారం మధ్యలో పర్లేదు, శని ఆదివారాలు బఫే, దానికి తోడు పుట్టినరోజులకి, గృహప్రవేశాలకి అల్యూమినియం ట్రేల లెక్కన గోట్ పులావు. దమ్ బిర్యానీకి పిండి పెట్టి మూత బిగించాక ఇంక రుచి చూసే దారి లేదు, ఆవిరి చూసి, వాసన చూసి దింపాలి, అక్కడ తప్పితే వంద మంది భోజనం పోతుంది. ఆ టెన్షన్‌తో రెండు రోజులు గడిచాక సోమవారం సెలవు.

సోమవారం నేను వండను. నాతో కిచెన్‌లో మెక్సికో వాళ్ళు ముగ్గురు ఉన్నారు. స్టాఫ్ భోజనం టైములో వాళ్ళు మా సాంబారు పోసుకుంటారు, నేను వాళ్ళ టోర్టిల్లా, బీన్స్ తింటాను, పచ్చిమిర్చి పచ్చడి ఇద్దరికీ కామన్. సోమవారం వాళ్ళలో ఎవరో ఒకరి ఇంటికి పోతాను. ఇంకో కారణం కూడా ఉంది, మా అపార్ట్‌మెంట్‌లో ఎండుమిర్చి పోపు వేస్తే పొగ అలారం మోగుతుంది. కిందింటి వాళ్ళు కంప్లయింట్ ఇచ్చారు. అన్ని వందల మందికి పోపులు వేసేవాణ్ణి, ఇంట్లో నాకోసం ఒక్క పోపు వేసుకోవాలంటే కిటికీలన్నీ తెరిచి, అలారం కింద అట్టముక్క ఊపుతూ ఒక మనిషి నిలబడాలి. మా ఆవిడ వీసా వచ్చి ఇక్కడికి చేరితే ఈ పరిస్థితి మారుతుందని నేనూ, నేనే వండి పెడతానని ఆవిడా అనుకుంటున్నాం.

ఆవకాయ_జాడీ:

అందరికీ థాంక్స్. వీక్లీ ఆఫ్ సంగతి అడిగించాను, బుధవారం అట. మా అమ్మ మొహం చూడాలి.

కర్రీ పాయింట్ అక్కా, మీ మాట నాకు సూటిగా తగిలింది. మా ఇంట్లో కూడా మా అమ్మని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఇంకో రెండు అడుగుతాను. భార్య వండితే వంకలు పెడతారా? రాత్రి అర్ధరాత్రి వచ్చి పెరుగన్నమేనా, వేడిగా ఏదైనా తినాలనిపిస్తే ఏం చేసుకుంటారు?

షెఫ్‌గారి_ఆవిడ:

నోటితో పెట్టరు. ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగడం చాలు, తెలిసిపోతుంది. నేను ఇప్పుడు ఎదురుగా కూర్చోను, టీవీ వైపు తిరిగి కూర్చుంటాను. ఒక్క విషయంలో మాత్రం నోరెత్తారు, నా కత్తి మొద్దుగా ఉందని. అది నిజమే. సాన పట్టి ఇచ్చారు, మర్నాడు నా వేలు తెగింది. అప్పట్నుంచి ఇంట్లో రెండు కత్తులు, ఎవరిది వాళ్ళదే.

బ్రేక్‌షిఫ్ట్:

వంకలు పెట్టే ఓపిక ఉండదండీ. వేరేవాళ్ళు వండిపెట్టింది ఏదైనా కళ్ళకద్దుకుని తింటాం, పొరుగింటి పుల్లకూర అనుకోండి.

అర్ధరాత్రి వేడిగా అంటే మళ్ళీ పొయ్యి వెలిగించాలి, అది నావల్ల కాదు. నాకు పచ్చిపులుసు. నిమ్మకాయంత చింతపండు నానేసి పిసికి, పల్చగా నీళ్ళు పోసి, రెండు పచ్చిమిర్చి మంట మీద కాల్చి (ఆ కాస్త మంట ఒప్పుకుంటాను) ఉప్పుతో నలిపి, ఉల్లిపాయ సన్నగా తరిగి చేత్తో గట్టిగా పిసికి, కొత్తిమీర, వేయించి దంచిన నువ్వుల పొడి ఒక చెంచా. పొడి డబ్బాలో ఎప్పుడూ ఉంటుంది. పొద్దుటి కందిపప్పు మిగిలి ఉంటే ఇంకేం అక్కర్లేదు. ఐదు నిమిషాలు.

గాడిపొయ్యి:

బాగానే ఉంది కానీ బెల్లం ముక్క ఏది? మా వైపు వంకాయ కాల్చి, తోలు తీసి, మెత్తగా పిసికి కలుపుతాం. నువ్వుల పొడి వేస్తే అది పచ్చిపులుసు అవదు, పచ్చడికి నీళ్ళు పోసినట్టు ఉంటుంది.

బ్రేక్‌షిఫ్ట్:

బెల్లం వేస్తే అది పానకం అవుతుందన్నా. అర్ధరాత్రి పన్నెండింటికి వంకాయ కాలుస్తూ కూర్చునే ఓపికుంటే బిర్యానీయే వండుకునేవాణ్ణి.

కర్రీపాయింట్_అక్క:

ఇద్దరూ పోపు మర్చిపోయారు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, చిటికెడు ఇంగువ. మగవాళ్ళకి రాత్రిపూట పోపు వెయ్యడానికి బద్ధకం అని ఒప్పుకోండి, దానికి జిల్లాల గొడవెందుకు.